ఇసుక రంగు గుడ్డ ఇచ్చే సాక్ష్యం

దోర్నపాల్ వద్ద జాతీయ రహదారిని విడిచి పడమటి అడవిలోకి సుమారు 56 కిలోమీటర్లు పోతే జగర్గుండా వస్తుంది. దారిలో తగిలే పోలంపల్లి, చింతల్‌నార్ వంటి పేర్లు వింటే ఇవి మనవారి ఊళ్లే కాబోలు అనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, సుక్మా జిల్లాలో ఉన్నదే గాని, ఆ సీమకు భద్రాచలం మన్యం దూరం కాదు. ఇరువైపులా ఉన్నవారు కోయలే. సుక్మా, దంతెవాడ, బీజాపూర్ దారులు కలిసే ఆ కూడలి ఒకనాడు చింతపండుకూ ఇప్పపూవుకూ పేరుపొందిన సంత. 2005లో సల్వా జుడుం ఆరంభమైన పిదప ఆ ఊరి చుట్టూ ముళ్లకంచె లేచింది. పరిసర గ్రామాల జనాన్ని తెచ్చి కంచెలోపల ఉంచారు. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు సాయుధ బలగాల కాపలాలో బండ్లమీద వచ్చేవి. మూతపడిన బడులు 13 ఏళ్ల తరువాత, 2019లో, తిరిగి తెరుచుకున్నాయి.

అటువంటి చోట మనిషి ఒంటిమీది గుడ్డకు ఉన్న విలువ వేరు. పట్టణంలో చొక్కా రంగు అభిరుచికి సంబంధించిన విషయం. ఆ అడవిలో అది ప్రాణానికి సంబంధించిన విషయం. ఆలివ్ ఆకుపచ్చ దుస్తులు ఒక పక్షానికి గుర్తు. మచ్చల దుస్తులు మరొక పక్షానికి గుర్తు. లుంగీ, తువ్వాలు ఉభయులకూ నడుమ చిక్కినవారికి గుర్తు. కనుకనే ఈ నెల మన పరిశీలనకు ఒక చిన్న వస్తువును తీసుకుంటున్నాము. అది సైనికుల ఉక్కుటోపీపై తొడిగే గుడ్డ. తలగడకు గలీబు ఎట్టిదో, హెల్మెట్‌కు ఆ తొడుగు అట్టిది.

ఒక ఊహ చేద్దాము. జగర్గుండా వంటి అడవి గ్రామంలో ఎవరికో దారి ప్రక్కన హెల్మెట్ తొడుగు ఒకటి దొరికింది. అది ఆకుపచ్చది కాదు. ఇసుక రంగు నేలమీద గోధుమ రంగు మచ్చలు గలది. ఎడారిలో వాడవలసిన గుడ్డ అడవిలోకి ఎట్లా వచ్చింది? దీనిని ఏ దేశంలో కుట్టారు? ఎవరి తలపై ఉండినది? ఈ మూడు ప్రశ్నలూ ఒకదానివలె మరొకటి కనిపిస్తాయి. నిజానికి రెండవ ప్రశ్నకు గుడ్డయే సమాధానం చెప్పగలదు. మొదటిదానికి సగం చెప్పగలదు. మూడవదానికి మాత్రం అది నోరు విప్పదు. ఈ తేడాను మరచినప్పుడే అనర్థం జరుగుతుంది.

హెల్మెట్‌కు గుడ్డ ఎందుకు?

ముందుగా ఈ తొడుగు ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఫ్రెంచి, బ్రిటిష్ సేనలు ఉక్కు హెల్మెట్లను ధరించటం ప్రారంభించాయి. ఉక్కుతో ఒక చిక్కు వచ్చింది. వాన తడిసినా, వెన్నెల పడినా అది తళతళ మెరిసి, దాగిన మనిషిని పట్టి ఇచ్చేది. కొమ్మ తగిలితే ఖంగున మ్రోగేది. అందుచేత హెల్మెట్లకు గోనెగుడ్డనో, మాసిన రంగు బట్టనో చుట్టటం అలవాటైంది. ఫ్రెంచి సేన అధికారికంగానే గుడ్డ తొడుగులను పంచిపెట్టి, కొద్దికాలానికే మానుకున్నది. గుండు తగిలినప్పుడు మురికి గుడ్డ పీలికలు గాయంలోకి చొచ్చుకుపోయి చీము పట్టటమే అందుకు కారణం.

1915లోనే ఫ్రెంచి సేన చిత్రకారులతో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచి, ఫిరంగులనూ బండ్లనూ కంటికి కనబడకుండా రంగులద్దించింది. కామోఫ్లాజ్ అనే ఫ్రెంచి మాట నాటినుండి లోకమంతటా వ్యాపించింది. అందులోని సూత్రం ప్రకృతిలో ఉన్నదే. చిరుతపులి మచ్చలు దాని రంగును దాచటంకన్న దాని ఆకారాన్ని చెరిపివేయటానికే ఎక్కువగా ఉపకరిస్తాయి. మనిషి ఆకారంలో అన్నింటికన్న తొందరగా కన్ను పట్టేది భుజాలపైన ఉండే గుండ్రని తల. ఆ గుండ్రదనాన్ని చెరపటానికే మచ్చల తొడుగు వచ్చింది. ఇటలీ 1929లో మచ్చల డేరాగుడ్డను ముద్రించింది. జర్మనీ 1931లో గాజుపెంకుల వంటి కోణాల నమూనాను తెచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్ దళాలు రెండు వైపులా తొడగదగిన హెల్మెట్ తొడుగులను వాడాయి. ఒక వైపు అడవికి ఆకుపచ్చ, మరొక వైపు సముద్రతీరానికి గోధుమ రంగు.

రంగును నేలకు సరిపెట్టే ఈ విద్యలో మన దేశానికి అంతకుముందే స్థానం ఉన్నది. ఖాకీ అనే మాట ధూళి అని అర్థమిచ్చే ఖాక్ నుండి వచ్చింది. 1846లో పెషావరు ప్రాంతంలో హారీ లమ్స్‌డెన్ నెలకొల్పిన గైడ్స్ దళం ఆ ధూళి రంగును దుస్తులకు వాడి చూపింది. అంతదాక ఎర్రకోట్లు తొడిగిన బ్రిటిష్ సేనలు పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి ఖాకీకి మారాయి. తిరిగి రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా అడవులలో ఆ ఖాకీయే పనికిరాకపోగా, భారతదేశంలోనే దుస్తులకు ముదురాకుపచ్చ రంగు వేయించి సేనకు ఇచ్చారు. ఒక నేలకు పనికివచ్చిన రంగు మరొక నేలలో ప్రాణం తీస్తుందని ఆనాడే తేలింది.

నమూనా చెప్పే సంగతులు

ఇక మన చేతిలోని తొడుగును చూద్దాము. మొదట లెక్కించవలసినవి రంగులు.

లేత ఇసుక రంగు, లేత పచ్చ, రెండు ఛాయల గోధుమ రంగు పట్టెలు, వాటిమీద నలుపు తెలుపు కలిసిన చిన్న చిన్న గుర్తులు ఉన్నాయా? మొత్తం ఆరు రంగులయితే అది అమెరికా సేన 1962లో రూపొందించిన ఎడారి నమూనా జాతికి చెందినది. నలుపు తెలుపు గుర్తులు గులకరాళ్లనూ వాటి నీడలనూ అనుకరించేందుకు వేసినవి. చూడటానికి చాక్లెట్ పలుకులు అద్దిన బిస్కెట్టువలె ఉండుటచేత సైనికులు దానికి ఆ పేరే పెట్టుకున్నారు. రూపొందించి ఇరవై ఏళ్లు గడిచిన తరువాత, 1980ల తొలినాళ్లలో గాని అది విరివిగా సేన చేతికి రాలేదు. 1991 నాటి గల్ఫ్ యుద్ధపు ఛాయాచిత్రాలలో పాఠకులు దానిని చూచే ఉంటారు.

ఆ యుద్ధమే దానిలోని లోపాన్ని బయటపెట్టింది. ఆ నమూనా అమెరికాలోని రాళ్ల ఎడారులను దృష్టిలో పెట్టుకొని గీసినది. అరేబియాలో ఉన్నది చాలవరకు నున్నని ఇసుక. అక్కడ గులకరాళ్ల గుర్తులు మనిషిని దాచటానికి బదులు చూపించాయి. పైగా ఆరు రంగుల అద్దకం ఖర్చుతో కూడినది. అందుచేత లేత ఇసుక, లేత పచ్చ, గోధుమ రంగులతో మూడు రంగుల నమూనా వచ్చింది. 2001లో అఫ్ఘానిస్తానానికీ, 2003లో ఇరాకుకూ వెళ్లిన అమెరికా సైనికులలో అధికులు ధరించినది ఇదే.

బ్రిటిష్ వారి కథ ఇంకొంచెం విచిత్రమైనది. వారు తమ నాలుగు రంగుల కుంచె నమూనాకు ఎడారి రూపం కల్పించి, 1980లలో ఇరాకుకు అమ్మారు. 1990లో ఇరాకు కువైట్‌ను ఆక్రమించగా, దానితో యుద్ధానికి సిద్ధమైన బ్రిటిష్ సేన, శత్రువు ఒంటిమీద ఉన్న గుడ్డనే తానూ ధరించలేక, రెండే రంగులతో మరొక నమూనాను తెచ్చుకున్నది. కనుక బ్రిటిష్ ముద్రణ గల నాలుగు రంగుల ఎడారి గుడ్డ దొరికితే, అది బ్రిటిష్ సైనికునిదని అనుకోవటం తొందరపాటు అవుతుంది. నమూనా పుట్టిన దేశం ఒకటి, దానిని ధరించిన సేన మరొకటి కావచ్చునని చెప్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

ఆకారం, చీటీ

రంగుల తరువాత చూడవలసినది కుట్టు. తొడుగు ఏ హెల్మెట్ కోసం కత్తిరించారో ఆ హెల్మెట్ ఆకారం దానిలో మిగిలి ఉంటుంది. అమెరికావారి పాత ఎం-1 ఉక్కు హెల్మెట్ గుండ్రని గిన్నెవంటిది. దాని తొడుగు రెండు అర్ధచంద్రాకారపు ముక్కలను నడినెత్తిమీద కలిపి కుట్టినది. అంచులలోని రెక్కలను ఉక్కుగిన్నెకూ లోపలి టోపీకీ నడుమ దోపేవారు. 1980లలో వచ్చిన కొత్త హెల్మెట్‌ను ఉక్కుతో గాక కెవ్లార్ అనే నారతో చేశారు. అది చెవుల మీదికి దిగి ఉంటుంది. దాని తొడుగును ఎక్కువ ముక్కలతో కుట్టి, లోపలికి మడిచే పట్టీలు అమర్చారు. తొడుగుమీద అక్కడక్కడ చిన్న చీలికలు, వాటి చుట్టూ బొత్తాము కాజాలకు వేసినటువంటి కుట్టు కనిపిస్తే అవి చినుగులు కావు; ఆకులూ రెమ్మలూ దోపుకొనుటకు విడిచిన సందులు.

లోపలివైపు చీటీ మిగిలి ఉంటే సగం పని తీరినట్లే. నాటో దేశాలూ, ఆ పద్ధతిని స్వీకరించిన ఇతర దేశాలూ ప్రతి సైనిక వస్తువుకూ 13 అంకెల సంఖ్య వేస్తాయి. మొదటి నాలుగు అంకెలు వస్తువు తరగతిని తెలుపుతాయి. 8415 అని ఉంటే ప్రత్యేక అవసరాలకు కుట్టిన దుస్తులు. హెల్మెట్ తొడుగులు ఈ తరగతిలోనివే. తరువాతి రెండంకెలు ఆ సంఖ్యను కేటాయించిన దేశాన్ని తెలుపుతాయి. 00 లేక 01 అయితే అమెరికా, 12 అయితే జర్మనీ, 14 అయితే ఫ్రాన్సు, 99 అయితే బ్రిటన్. మిగిలిన ఏడంకెలు ఆ వస్తువుకే ప్రత్యేకమైనవి.

అమెరికా చీటీలపై ఒప్పందపు సంఖ్య కూడా ఉంటుంది. 1980ల చీటీలలో అది డీఎల్ఏ 100 అని మొదలై, ఆపైన రెండంకెలు చూపుతుంది. 82 అని ఉంటే 1982 ఆర్థిక సంవత్సరంలో కుదిరిన ఒప్పందమన్నమాట. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. వారి ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది గనుక 1982 అన్నది 1981 చివరి నెలలు కూడా కావచ్చును. ఒప్పందం కుదిరిన ఏడాదికి గాని కుట్టు పూర్తికాకపోవచ్చును. చీటీ తొడుగు పుట్టుకకు దగ్గరి తేదీ ఇస్తుంది. అది ఎప్పుడు వాడుకలోకి వచ్చిందో, ఎవరి చేతికి పోయిందో చెప్పదు.

నేతా, అద్దకమూ

చీటీ ఊడిపోయిందనుకుందాము. బజారులో చేతులు మారిన సరుకుకు తరచుగా అంతే జరుగుతుంది. అప్పుడు గుడ్డనే చదవాలి. ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. పెడనలో, మచిలీపట్నంలో కలంకారీ అచ్చులు అద్దేవారిని చూచినవారికి సులభంగా బోధపడుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. ఒక రంగు అద్దిన పిదప రెండవ అచ్చును సరిగ్గా దాని చోటులోనే పెట్టాలి. వెంట్రుకవాసి జరిగినా రెండు రంగుల నడుమ తెల్లని సందు మిగులుతుంది, లేదా ఒకదానిపై ఒకటి ఎక్కి మూడవ రంగు పుడుతుంది. మరలమీద సాగే అద్దకంలోనూ ఇదే ధర్మం. ఆరు రంగులూ కుదురుగా ఒకదాని ప్రక్కన మరొకటి ఒదిగి ఉంటే మేలైన మర, కట్టుదిట్టమైన తనిఖీ వెనుక ఉన్నాయని ఊహించవచ్చును. నకలు తీసినవారు ఖర్చు తగ్గించటానికి ఒకటి రెండు రంగులు మానివేయటం, మచ్చలను పెద్దవి చేయటం పరిపాటి. నమూనా ఎన్ని అంగుళాలకు ఒకసారి మొదటికి వస్తున్నదో కొలిస్తే అసలుదానితో పోల్చటం సాధ్యమవుతుంది.

తరువాత పడుగు పేకలు. పాత తొడుగులలో నూలే ఎక్కువ. 1980ల నుండి నైలాను, నూలు కలిపిన గుడ్డ విస్తరించింది. చౌక నకళ్లలో పాలిస్టరు హెచ్చుగా కనిపిస్తుంది. నూలుపోగు కాగితంవలె కాలి బూడిద అవుతుందనీ, పాలిస్టరు పోగు కరిగి గట్టి పూసవలె ముద్దకడుతుందనీ మన బట్టల దుకాణదారులకు కూడా తెలుసు. ఇంటి కుతూహలానికి ఆ పరీక్ష చాలును. న్యాయస్థానానికి పోవలసిన వస్తువులో మాత్రం ఒక్క పోగును కూడా కాల్చరాదు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ఆ పని వస్తువుకు హాని లేకుండా చేస్తుంది.

అతినీలలోహిత దీపం మరొక సాధనం. 1950ల నుండి సబ్బుపొడులలో, నేటి దారాలలో, తెల్లదనం పెంచే రసాయనాలు విరివిగా చేరాయి. ఆ దీపపు వెలుగులో అవి నీలి తెలుపుగా మెరుస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధం నాటిదని అమ్మజూపే తొడుగు కుట్టుదారం అట్లా మెరిస్తే అనుమానించవలసిందే. కాని పాత గుడ్డనే నిన్న సబ్బుపొడితో ఉతికినా మెరుస్తుంది. కనుక మెరుపు ఒక్కటే చాలదు. దారం ఒక్కటే మెరిసినదా, గుడ్డ అంతా మెరిసినదా అన్నది చూడాలి.

నేటి సైనిక వస్త్రాలలో కంటికి కానరాని గుణం కూడా ఒకటున్నది. పచ్చని ఆకు సూర్యకాంతిలోని పరారుణ కిరణాలను బాగా త్రిప్పి పంపుతుంది. రాత్రివేళ చూపునిచ్చే పరికరాలు ఆ కిరణాలను పట్టుకుంటాయి. సైనిక వస్త్రపు రంగులను ఆ కిరణాలలో కూడా ఆకులకూ నేలకూ సరిపోయేటట్లు కలుపుతారు. బజారు నకలు పగటి కంటికి సరిపోయినా, ఆ పరికరంలో వేరుపడి కనిపిస్తుంది. అసలును, నకలును విడదీయటానికి ఇది గట్టి ఆధారం.

బజారు మార్గం

ఎడారి తొడుగు అడవికి ఎట్లా వస్తుందన్న ప్రశ్నకు చాలా సందర్భాలలో సమాధానం బజారే. సేనలు నమూనా మార్చినప్పుడల్లా పాతసరుకు బేళ్లకొద్దీ వేలానికి పోతుంది. అమెరికా విడిచిన ఆరు రంగుల నమూనాను సౌదీ అరేబియా వంటి దేశాలు తమకై అచ్చువేయించుకున్నాయి. వేటగాళ్లు, చలనచిత్రాలకు దుస్తులు సమకూర్చేవారు, పాత సైనిక వస్తువులు సేకరించేవారు దానిని కొన్నారు. కంటోన్మెంటు ఊళ్లలోని పాతసరుకు దుకాణాలలోనూ, సంతలలోనూ మచ్చల టోపీలు, సంచులు ఎవరైనా కొనుక్కోగలరు. చవకగా, గట్టిగా ఉన్నదని కొన్న కూలీకి ఆ మచ్చల అర్థంతో పనిలేదు.

ఈ విచ్చలవిడి అమ్మకం ప్రమాదకరమని మన ప్రభుత్వానికి తెలియకపోలేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడిచేసినవారు సైనిక దుస్తులతో వచ్చారు. ఆ వెంటనే సైన్యం, తమ నమూనా గుడ్డలను ధరించవద్దని ప్రజలనూ, అమ్మవద్దని దుకాణదారులనూ కోరింది. 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు, నిఫ్ట్ సహాయంతో రూపొందించిన కొత్త నమూనాను పెరేడులో ప్రదర్శించింది. అదే సంవత్సరం ఆ రూపకల్పనను తన పేర నమోదు చేయించి, అనుమతి లేక ముద్రించే హక్కు మరెవరికీ లేకుండా చేసుకున్నది. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు ధరించటం శిక్షార్హమైన నేరం. నాటి శిక్షాస్మృతిలో 140వ సెక్షను, నేటి భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షను ఈ మాట చెబుతున్నాయి. పాఠకులు గమనించవలసినది అందులోని 'ఉద్దేశం' అనే పదం. చట్టం గుడ్డను శిక్షించదు. గుడ్డ వెనుక ఉన్న మనసును నిరూపించమంటుంది.

గుడ్డ చెప్పలేని మాట

ఇప్పుడు తిరిగి జగర్గుండా దారికి వద్దాము. ఇసుక రంగు తొడుగు ఆ అడవికి పొసగనిదన్నాము గదా! అది కూడా పూర్తిగా నిజం కాదు. వానలు కురిసి ఇప్ప, తునికి, టేకు చెట్లు కమ్ముకున్న శ్రావణంలో ఆ తొడుగు దూరానికే కనిపిస్తుంది. ఆకు రాలి, గడ్డి ఎండి, నేల ధూళిగా మారిన చైత్ర వైశాఖాలలో అదే తొడుగు ముదురాకుపచ్చకన్న మేలుగా దాగుతుంది. కనుక ఇది ఇక్కడిది కాజాలదని రంగునుబట్టి తీర్పు చెప్పటానికి కూడా వీలులేదు. ఏ నెలలో దొరికినదో తెలియాలి.

ఈ దారిపైననే, చింతల్‌నార్ దగ్గరి తాడ్‌మెట్ల వద్ద, 2010 ఏప్రిల్ 6న మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది సీఆర్‌పీఎఫ్ జవానులు మరణించారు. మృతుల ఆయుధాలను దాడిచేసినవారు ఎత్తుకుపోయారు. ఆయుధాలు చేతులు మారిన చోట హెల్మెట్లు, తొడుగులు, బూట్లు మారవని చెప్పలేము. ఒక పక్షపు వస్తువు మరొక పక్షం వద్ద దొరకవచ్చును. ఇరుపక్షాలకూ చెందని పశువుల కాపరికి వాగు ఒడ్డున దొరకవచ్చును. వాన తలమీద పడకుండా అతడు దానిని తొడుక్కోవచ్చును.

బుర్కాపాల్ దాడి తరువాత ఆ చుట్టుప్రక్కల ఊళ్ల గిరిజనులను పెద్దసంఖ్యలో అరెస్టు చేశారు. ఐదేళ్ల తరువాత, 2022 జులైలో, దంతెవాడలోని ప్రత్యేక న్యాయస్థానం 121 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. జగర్గుండా నుండి బాసగుడాకు పోయే మార్గంలోని సర్కేగుడాలో 2012 జూన్ 28 రాత్రి 17 మంది కాల్పులలో మరణించగా, వారిని మావోయిస్టులుగా ప్రకటించారు. విశ్రాంత న్యాయమూర్తి వి.కె. అగర్వాల్ విచారణ సంఘం 2019లో ఇచ్చిన నివేదిక, వారు మావోయిస్టులనుటకు ఆధారం లేదని తేల్చింది. మనుషులను గుర్తించటంలో జరిగే పొరపాటు ఎంత ఖరీదైనదో చెప్పటానికి ఈ రెండూ చాలును.

గుడ్డే వివాదాంశమైన ఉదంతం కూడా ఉన్నది. 2016 జూన్‌లో సుక్మా జిల్లాలో ఒక గిరిజన యువతి ఎదురుకాల్పులలో మరణించిన మావోయిస్టు అని పోలీసులు ప్రకటించారు. మృతదేహంపై యూనిఫారం ఉన్నది. ఆమెను ఇంటినుండి పట్టుకుపోయారనీ, ఆ కొత్త దుస్తులు తరువాత తొడిగినవనీ కుటుంబసభ్యులు, హక్కుల కార్యకర్తలు ఆరోపించారు. పోలీసులు ఆ ఆరోపణను త్రోసిపుచ్చారు. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం మృతదేహాన్ని వెలికితీసి రెండవసారి పోస్టుమార్టం చేయమని ఆదేశించింది. ఇటువంటి వివాదం వచ్చినప్పుడు పైన చెప్పిన విద్య నిజంగా పనికివస్తుంది. గుండు దూసుకుపోయిన చోట గుడ్డలోనూ రంధ్రం ఉండాలి. శరీరంమీది గాయానికి అది ఎదురుగా ఉండాలి. రక్తం లోపలినుండి బయటికి ఇంకి ఉండాలి. అడవిలో నెలల తరబడి తిరిగినవారి దుస్తులలో చెమట ఉప్పు, ముళ్లు గీచిన పోగులు, మోకాళ్ల వద్ద అరుగుదల, కుట్లలో చేరిన మన్నూ గడ్డిగింజలూ ఉంటాయి. దుకాణంలోని మడత విప్పని గుడ్డలో మడత గీతలు ఉంటాయి. ఎవరు ధరించారో గుడ్డ చెప్పదని మొదట అన్నాము. ఎంతకాలం ధరించారో, ఏ స్థితిలో ధరించారో మాత్రం అది చెప్పగలదు. అయితే దానిని అడిగేవారు ఉండాలి. అడిగేదాక దానిని పదిలంగా దాచినవారూ ఉండాలి.

దాచటం అన్న చోటనే చాలా కేసులు చెడిపోతాయి. దొరికిన గుడ్డను ఉతకరాదు. తడిసినదైతే నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది. దొరికిన చోటులోనే, కదపకముందే, కొలబద్ద ప్రక్కన పెట్టి ఛాయాచిత్రం తీయాలి. పంచనామాలో 'మిలిటరీ గుడ్డ ఒకటి' అని వ్రాసి ముగించక, రంగులెన్ని, చీటీ ఉన్నదా, ఉంటే అంకెలేమిటి, కుట్టు ఎట్లా ఉన్నది, చిరుగులు ఎక్కడ ఉన్నవి అని వ్రాయాలి. ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఏ రోజున పోయినదో ప్రతి మజిలీలోనూ సంతకం ఉండాలి. ఇందులో ఖర్చుతో కూడినది ఏదీ లేదు. పది నిముషాల ఓపిక, రెండు కాగితాలు చాలును. ఆ రెండు కాగితాలు లేకపోవటంచేత నిర్దోషి ఏళ్ల తరబడి చెరలో ఉండవచ్చును. దోషి చేతులు దులుపుకొని పోవచ్చును.

జగర్గుండాలో ఇప్పుడు రోడ్డు పడింది, బడి గంట మ్రోగుతున్నది. సంతకు వచ్చేవారి తలలమీద రకరకాల గుడ్డలు ఉంటాయి. అందులో ఎక్కడో అమెరికా ఎడారి కోసం గీచిన నమూనా ఒకటి ఉన్నా ఆశ్చర్యపడనవసరం లేదు. అది పుట్టిన దేశం, కుట్టిన సంవత్సరం చదవటానికి పైన చెప్పిన పద్ధతులు చాలును. దాని క్రింద ఉన్న మనిషి ఎవరన్నది తెలుసుకోవాలంటే ఆ మనిషినే అడగాలి. అతడు చెప్పే జవాబును అతని ఊరివారినడిగి సరిచూచుకోవాలి.